ఒకరు ఫిట్టు, ఒకరు అన్‌ఫిట్టు

జూన్ 14

నాకు భయం లేదు. ముందుగా అది రాసి పెడుతున్నాను, తర్వాత మరిచిపోతానేమోనని.

పదకొండో వారం నడుస్తోంది. ఇంతకుముందు రెండుసార్లూ ఇంత దూరం రాలేదు. ఈసారి డాక్టరమ్మ నా పాత కాగితాలు తిరగేసి, నా వయసు రెండుసార్లు అడిగి (ముప్పై ఆరు, రెండుసార్లూ అదే చెప్పాను), "పన్నెండో వారంల ఒక స్కానింగ్, దాంతోని రక్తపరీక్ష చేయించాలె. బిడ్డకు పుట్టుకతోని ఏమన్న తేడా ఉండే అవకాశం ఎంతున్నదో తెలుస్తది" అంది.

ఇంటికొచ్చి చెప్పేసరికి మామయ్య హాల్లో కుంటుతూ నడుస్తున్నాడు. నిజంగా కాదు, సాధన. వచ్చే నెల కొత్తగూడెంలో ఆయనకు మెడికల్ బోర్డు. ముప్పై మూడేళ్లు బొగ్గుబాయిలోకి దిగిన సామ్యేల్ ఇక పనికి రాడు, అన్‌ఫిట్ అని డాక్టర్లు రాస్తే, ఆయన ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఫిట్ అని రాస్తే రిటైరయ్యేదాకా దిగుతూనే ఉండాలి, ఈలోగా కొడుక్కి నలభై దాటిపోతాయి, దాటితే ఇవ్వరు. ఆ కొడుకు జాన్ ప్రసాద్, నాకు వరసకు బావ, పెళ్లయ్యాక భర్త, నన్ను కెరో అని పిలిచే మనిషి. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఒకటే కొలువు చేస్తున్నాడు: ఎదురుచూడడం. అందులో సెలవులు లేవు.

విన్నాక అత్తమ్మ సుసన్నా బియ్యంలో రాళ్లేరడం ఆపింది.

"అంటె ఇంట్ల ఇద్దరికి పరీక్షలా? ఈమె పాసు కావాలె, ఆయన ఫెయిలు కావాలె. దేవునికి సరిగ్గ చెప్పుకోవాలె, లేకుంటె అటిటు అయితది."

జూన్ 15, ఆదివారం

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. అత్తమ్మ రెండు మనవులూ విడివిడిగా, నిదానంగా చెప్పింది. మా పాస్టరుగారి అన్నకు ఇలాగే వాళ్ల నాన్న ఉద్యోగం వచ్చింది, అందుకని ఈ కాలనీలో ఆయన ప్రార్థనకు గిరాకీ ఎక్కువ. కళ్లు మూసుకుని, "తండ్రీ, నీ దాసుడైన సామ్యేలును వైద్యుల యెదుట అన్‌ఫిట్‌గా కనపరచుము. నీ కుమార్తె గర్భఫలమును ఫిట్‌గా కాపాడుము" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఒక్క ఆమెన్ రెండింటికీ సరిపోతుందా అని మాత్రం అనుమానం వచ్చింది.

జూన్ 19

వాంతులు. క్లాసులో ఎక్కాలు చెబుతుంటే ఏడో ఎక్కం దగ్గర పరుగెత్తాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

జూన్ 24

కోడలు బొగ్గు కంపెనీ లెక్కలో కుటుంబం కాదు. కాబట్టి కంపెనీ దవాఖాన నాకు లేదు, లక్ష్మీనగర్‌లో ఒక ప్రైవేటు సెంటరుకు పోయాము. ఆడో మగో అడగడం నేరం, చెప్పడం నేరం అని గోడ నిండా రాసి ఉంది. సరిగ్గా ఆ రాత కిందే కూర్చుని అత్తమ్మ, "ఊరికె అడుగుతె ఏమైతది?" అంది. ఆమెను బావకు అప్పజెప్పి లోపలికి పోయాను.

కడుపు మీద చల్లటి జెల్ పూసి తెర నావైపు తిప్పారు. గత రెండుసార్లూ తిప్పలేదు. వేలెడంత ఉంది. తల, ముక్కు, ఎందుకో పైకెత్తిన ఒక చెయ్యి. గుండె కొట్టుకుంటోంది. ఏడుపు కొంతసేపు ఆపుకున్నాను, తర్వాత ఆపుకోలేదు.

మెడ వెనక నీటిపొర మందం కొలవాలట. కొలవాలంటే అది సరిగ్గా పక్కకు తిరిగి ఉండాలి. అదేమో మాకు వీపు చూపించి పడుకుంది. లేచి నడవమన్నారు, నడిచాను. "జర దగ్గమ్మా, కదులుతదేమో" అంది స్కానింగ్ డాక్టరమ్మ. దగ్గాను. నెల రోజులుగా ఇంట్లో వింటున్న దగ్గే వచ్చింది నాకు, మామయ్య బోర్డు కోసం తయారు చేస్తున్న దగ్గు, పేగులతో సహా బయటికొచ్చేది. డాక్టరమ్మ వెనక్కి జరిగి, "ఎన్ని దినాలసంది ఉన్నది గీ దగ్గు? కఫం పరీక్ష చేయించినవా?" అంది. ఇది పరీక్ష కోసమే నేర్చిన దగ్గు అని ఎలా చెప్పను?

అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. నేను ఉలిక్కిపడ్డాను, నాతోపాటు అదీ ఎగిరింది, ఎగిరి కావలసినట్టు పక్కకు తిరిగింది.

"గోదావరిఖనిదే గదా, బ్లాస్టింగు అయితెగాని లేవది" అని నవ్విందావిడ. కొలిచేటప్పుడు నవ్వలేదు. రెండోసారి కొలిచింది. మూడోసారీ కొలిచింది. "రక్తం రిపోర్టు కూడ రానీయమ్మా, రెండు కలిపి చూద్దాం" అంది.

మూడుసార్లు కొలవడం మంచిదే. బాధ్యత గల మనిషి అన్నమాట.

జూన్ 25

భయం లేదు.

జూన్ 26

లేదు.

జూన్ 28

రిపోర్టు వచ్చింది. హై రిస్క్. మా డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇది రోగం ఉందని చెప్పే పరీక్ష కాదు, అవకాశం ఎంతో చెప్పే పరీక్ష. ఇలాంటి రిపోర్టు వచ్చిన నలభై మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు. అంటే మాటలు, నడక, చదువు ఆలస్యంగా వస్తాయి, కొందరికి గుండెలో లోపం ఉంటుంది, జీవితాంతం ఎవరో ఒకరు తోడుండాలి.

"అంటె ఫెయిలా డాక్టరమ్మా?" అన్నాడు బావ.

"ఫెయిలు కాదు బాబూ."

"అయితె పాసా?"

"పాసు కూడ కాదు."

బావ ముఖం చూస్తే జాలేసింది. ఈ ఇంట్లో మూడో ముక్క ఎవరూ వినలేదు. ఫిట్, అన్‌ఫిట్, అంతే. ఆటోలో వస్తూ, "నలభైల ముప్పై తొమ్మిది మనవే గదా" అన్నాడు. అవును, మనవే అన్నాను. లెక్కలు చెప్పేదాన్ని నేనే కదా.

జూన్ 29, ఆదివారం

మామయ్య పొద్దున చర్చికి రాలేదు. ఎక్కడికి పోయాడో అన్నాల దగ్గర తెలిసింది. యూనియన్ లీడరు ఎల్లన్న దగ్గరికి పోయాడు. బోర్డుకు పోయేవాళ్లంతా ముందు ఆయన గుమ్మం తొక్కి పోతారు. ఆయన మాటకు అక్కడ విలువ ఉందో లేదో ఎవరికీ తెలియదు, కానీ అడక్కుండా పోతే మనసొప్పదు. మామయ్య మాత్రం తన పని మీద పోలేదు.

"ఎల్లన్నా, పుట్టబోయే మనుమనిదో మనుమరాలిదో రిపోర్టు హై రిస్క్ అని వచ్చింది, జర ఎవలతోనన్న మాట్లాడి నార్మల్ అని రాయించు అన్న."

"ఏమన్నడు?" అంది అత్తమ్మ, నిజమైన ఆశతో.

"అది ప్రైవేటు సామ్యేలన్నా, నా మాట కంపెనీ గేటు దాటి పోదు అన్నడు. ఇంకోటన్నడు, ముప్పై ఏండ్లల్ల నా తాన అన్‌ఫిట్ చేయించుమని వచ్చినోళ్లే గాని ఫిట్ చేయించుమని వచ్చినోనివి నువ్వే ఫస్టు, నాకా లైను తెల్వదు అన్నడు."

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. మామయ్య నవ్వలేదు.

"ఎవలో ఒకరు చెప్పకుంటె రిపోర్టు ఎట్ల మారుతది బిడ్డా?" అన్నాడు నావైపు చూసి. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నవ్వు నా నోట్లోనే ఆగిపోయింది.

జూన్ 30

రక్తం ఇచ్చాను. ఇది ఇంకో పరీక్ష, దాదాపు ఖచ్చితంగా చెబుతుందట. హైదరాబాద్ పోతుంది. నేను పోని ఊళ్లన్నీ నా రక్తం చూసొస్తోంది.

జూలై 2

నలుగురిలో అత్తమ్మ మాట ఒకటే: "దేవుని చిత్తం." పక్కింటి సారక్క వచ్చినా అదే, పాస్టరమ్మ ఫోను చేసినా అదే. ఈవేళ బడి నుంచి వచ్చాక చిక్కుడుకాయలు తుంచుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కడుపు ఇంకా ఎవలకు కనవడుత లేదు గద. తీసేయించుకుంటె పాపమేం గాదు బిడ్డా. పాస్టరుగారికి చెప్పకుంటె అయిపాయె."

"దేవుడికో?"

"ఆయనకు అన్నీ తెల్సు, చెప్పేదేమున్నది?"

నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె పద్నాలుగేళ్లు తన చెల్లెలికి అన్నం కలిపి పెట్టింది, మంచంలో ఉన్న మనిషికి. ఏం తెలిసి మాట్లాడుతుందో నాకు తెలుసు. ఆలోచిస్తానన్నాను. మాట తప్పించడానికి అన్నాననుకున్నాను, పొద్దంతా నిజంగానే ఆలోచిస్తున్నాను.

జూలై 4

భయంగా ఉంది. రాసి కొట్టేశాను, మళ్లీ రాస్తున్నాను. భయంగా ఉంది.

బావను అడిగాను, హైదరాబాద్ నుంచి కూడా చెడు కబురే వస్తే ఏం చేద్దామని.

"ముందుగాల నాయిన సంగతి తేలనీయ్."

"దానికీ దీనికీ సంబంధమేంది?"

"ఉద్యోగం వస్తె ఎట్లున్న పెంచుకుంటం కెరో. దవాఖాన ఉంటది, క్వార్టరుంటది, నెల కాంగనే జీతముంటది. ఉద్యోగం రాకుంటె..."

వాక్యం పూర్తి చేయలేదు. నేను పూర్తి చేసుకున్నాను. రాకుంటే వద్దు. అంటే మామయ్య రోగిష్టి అని తేలితే నా కడుపులోది ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నాడని తేలితే ఉండదు. ఆయన కుంటడం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంకా బాగా కుంటాలి మామయ్యా, అనుకున్నాను. దేవుడా, నన్ను క్షమించు, అలాగే అనుకున్నాను.

నాకూ ఉద్యోగం ఉందని ఈ సంభాషణలో ఎవరికీ గుర్తు రాలేదు. నాకు కూడా.

జూలై 6, ఆదివారం

ప్రార్థనలో ఇవాళ రెండు మనవులు కాదు, ఒకటే. రెండూ కలిసిపోయాయి.

జూలై 8

ఫిట్.

జరిగింది ఇది. బావ చెబుతుంటే అత్తమ్మ తల కొట్టుకుంది. మామయ్యకు నిజంగా నొప్పి ఉన్నది ఎడమ మోకాలు. ఏళ్లుగా ఉంది. కానీ నొప్పి కాలు మీద రోజూ కుంటితే ఇంకా నొస్తుందని, సాధనంతా బాగున్న కుడికాలుతో చేశాడు. బోర్డు గదిలోకి కుడికాలు కుంటుతూ పోయాడు. గుంజీలు తీయమన్నారు. తీసేసరికి అసలు నొప్పి లేచింది, బయటికి వచ్చేటప్పుడు ఎడమకాలు కుంటుతూ వచ్చాడు. డాక్టరు కళ్లజోడు తీసి చూసి, "పెద్దాయనా, వచ్చినప్పుడు గీ కాలు గాదు గదా" అన్నాడట.

ఇక దగ్గు. మామయ్య తన విద్యంతా చూపించాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, ఇంత గట్టిగా దగ్గాలంటే ఊపిరితిత్తులు ఉక్కులాగుండాలి అన్నాడట.

"ఒక్క కాలు గుర్తు పెట్టుకోలేకపోయినవా నాయినా?" అన్నాడు బావ.

మామయ్య గోడకు ఆనుకుని, ఆరోగ్యంగా ఉన్నందుకు తల వంచుకుని కూర్చున్నాడు. ఎడమ మోకాలు వాచింది. దానికి ఎవరూ కాపడం పెట్టలేదు. నేను పెట్టాను. పెడుతూ ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, అంత జాలీ వచ్చింది.

జూలై 9

పరామర్శకు వస్తున్నారు. చావింటికి వచ్చినట్టే చెప్పులు నిశ్శబ్దంగా విప్పి వస్తున్నారు. మామయ్యతో కలిసి బాయిలో దిగే బిక్షం కాక వచ్చి, ఆయన భుజం మీద చెయ్యేసి, "ఏం జేస్తం సామ్యేలూ, మన చేతుల ఏమున్నది, ధైర్యం చెప్పుకోవాలె" అన్నాడు. సారక్క గిన్నెలో పప్పుచారు తెచ్చింది, ఇంట్లో పొయ్యి వెలిగి ఉండదని. ఇన్నేళ్లు బాయిలో దిగి ఉక్కులాంటి ఊపిరితిత్తులతో ఒక మనిషి ఇంటికొచ్చాడు. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నాము.

బావ ఎవరితోనూ మాట్లాడడం లేదు. నాతో అసలే లేదు. ఆ సగం వాక్యం మా ఇద్దరి మధ్య మంచం మీద పడుకుంటోంది.

జూలై 12

హైదరాబాద్ రిపోర్టు వచ్చింది.

నలభైలో ఆ ఒక్కటి మేమే.

జూలై 13, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

డాక్టరమ్మ చెప్పింది: పక్కాగా తెలియాలంటే కడుపులోకి సూది పెట్టి ఉమ్మనీరు తీసి చూడాలి, పదహారో వారంలో. అందులో గర్భం పోయే ప్రమాదం కొంచెం ఉంది, తక్కువే కానీ ఉంది. ఆ తర్వాత ఉంచుకోవడమా వద్దా అన్నది మీ ఇష్టం, ఉంచుకోమని గానీ వద్దని గానీ నేను చెప్పను, ఎవరినీ చెప్పనీయకు అంది.

చెప్పనీయకు అంటే ఎట్లా, ఇంట్లో ముగ్గురున్నారు. ఈవేళ చర్చి నుంచి రాగానే కూర్చున్నాము. అత్తమ్మ ఏడుస్తూ, "నేను ఒకసారి చేసిన, నాకు తెల్సు, నా తోని కాదు బిడ్డా" అంది. అది నిజం. బావ నేల చూస్తూ కూర్చున్నాడు. మామయ్య మోకాలి మీద తువ్వాల బిగించి కట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"తెలివి జర తక్కువుంటది, అంతేనా?"

"నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. గుండె సంగతి ముందు ముందు స్కాన్‌లో చూస్తరట. మనం పోయినంక చూసుకునేటోళ్లు ఉండాలె."

"బాయిల పనికి తీసుకోరు."

"తీసుకోరు మామయ్యా."

ఆయన అత్తమ్మ వైపు తిరిగాడు.

"ఇంట్ల ఒక్కరు అన్‌ఫిట్ కావాలని ఇన్ని దినాలు మోకాళ్ల మీద పడి అడిగితిమి. దేవుడు ఇచ్చిండు. గీ అన్‌ఫిట్ కాదు మేమడిగింది, వాపస్ తీస్కో అంటమానే సుసన్నా?"

అత్తమ్మ ఏడుపు ఆపి ఆయన్నే చూసింది. మంచి మాట అని నాకు తెలుసు. నా వైపు నిలబడి అన్న మాట అని తెలుసు. అయినా ఒళ్లు మండింది.

"మామయ్యా, నా బిడ్డను ఆ మాట అనకు. నా బిడ్డ ఏ బోర్డుకు పోలేదు. ఎవ్వరు ముద్ర వేయలేదు. రేపు నీ కొడుకు కూడ ఆ మాట అన్నడనుకో, నేను మా అమ్మ దగ్గరికి పోయి కంట."

పెళ్లయ్యాక ఈ ఇంట్లో నా గొంతు ఇంత లేచింది మొదటిసారి. బిడ్డ అన్న మాట కూడా మొదటిసారే నా నోట వచ్చింది. పాత పేజీలు తిరగేశాను, అన్నిచోట్లా "అది" అనే రాసుకున్నాను.

"అనను బిడ్డా" అన్నాడు మామయ్య. "తప్పయింది."

బావ లేచి చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

జూలై 14

సూది వద్దని డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాను. ఏం తేలినా నేను చేసేది ఒకటే అయినప్పుడు, దానికోసం ప్రమాదం ఎందుకు? ఆమె సరే అంది. ఇరవయ్యో వారంలో గుండె స్కాన్ మాత్రం తప్పనిసరి, లోపం ఉంటే ముందే తెలిస్తే కాన్పు పెద్ద దవాఖానలో పెట్టుకోవచ్చు అంది.

అత్తమ్మతో చెప్పాను. "నీ ఇష్టం" అంది. దేవుని చిత్తం అనలేదు, గమనించాను.

బావ పొద్దున్నే పోతున్నాడు, పొద్దు పోయాక వస్తున్నాడు. వద్దనడానికి మొహం చెల్లక తిరుగుతున్నాడనుకుంటున్నాను. అమ్మకు ఫోను చేసి, నా గది ఖాళీగానే ఉందా అని అడిగాను. చూసి చెబుతానంది.

జూలై 15

ఖాళీగానే ఉందట. ఎందుకు అని అడిగింది. ఊరికే అన్నాను.

జూలై 17

బడి నుంచి వచ్చేసరికి బావ గుమ్మంలో కూర్చున్నాడు. ఒళ్లంతా దుమ్ము, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. ఓపెన్‌కాస్టులో మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర టిప్పరు డ్రైవరుగా కుదిరాడట. లైసెన్సు ఎప్పుడో తీసుకుని బీరువాలో పెట్టాడు, కంపెనీ ఉద్యోగం వచ్చేవాడికి ఈ పని నామోషీ అని. మూడు రోజులు వాళ్ల ఆఫీసు ముందు నిలబడ్డాడట, ఈవేళ బండి నడిపించి చూశారట. రేపటి నుంచి ఫస్టు షిఫ్టు.

"మరి నాతోని చెప్పకపోతివి?"

"మెడికల్ ఉంటదన్నరు. అది అయినంక చెప్దామనుకున్న."

ఆ మాటతో లోపల అత్తమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగింది. మామయ్య టీవీ కట్టేశాడు. మెడికల్ అన్న మాటకు ఈ ఇంట్లో ఊపిరి బిగబట్టడం అందరికీ అలవాటు.

"ఏమొచ్చింది?" అన్నాను.

బావ తండ్రి వైపు ఒకసారి చూసి, తప్పు చేసినవాడిలా తల దించుకుని, "ఫిట్" అన్నాడు.

ఎవరూ ఏడవలేదు. మామయ్య మెల్లగా, "రెండు కాళ్లా?" అని అడిగాడు. అత్తమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి, మంచినీళ్లు బావే తెచ్చి ఇచ్చాడు. నా పక్కన మెట్టు మీద కూర్చుని, నా వైపు చూడకుండా, చేతులకంటిన మట్టి గీక్కుంటూ అడిగాడు.

"బిడ్డ గుండె స్కానింగ్ ఏ దినం అన్నరు కెరో? ఆగస్టులనే గదా? కొత్తగ చేరినోనికి లీవు ఇస్తరో ఇయ్యరో, ఇప్పటిసందే అడిగి పెట్టాలె."